పాత నవల, కొత్త హక్కుదారు: ఒక కాపీరైట్ నోటీసు కేసు

ఈ కేసులో పేర్లు, ఊళ్లు చెప్పడం లేదు. రచయిత మరణించిన ఏడాది, పుస్తకం అచ్చయిన ఏడాది, ఒప్పందం రాసుకున్న ఏడాది కూడా లెక్క చెడకుండా మార్చాను. కక్షిదారు అనుమతితోనే రాస్తున్నాను. పాత తెలుగు పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్నవారు మనలో చాలామంది ఉన్నారు. వారిని అడిగితే కాపీరైట్ గురించి సాధారణంగా ఒకే మాట చెబుతారు: రచయిత పోయి 60 ఏళ్లు దాటితే పుస్తకం అందరిదీ. ఆ మాట నిజమే, భారతదేశం వరకు. మీ వెబ్‌సైటు ఏ దేశపు సర్వర్ల మీద ఉందో, మీరు ఏ ప్రతిని చూసి టైపు చేశారో ఆ మాటలో లేదు. ఈ కేసు నడిచింది ఆ రెండు ప్రశ్నల చుట్టూనే.

నేపథ్యం

కక్షిదారు పదవీ విరమణ చేసిన తెలుగు అధ్యాపకులు. ఆయన, ఆయన పూర్వ విద్యార్థులు కలిసి పాత నవలలు, నాటకాలు, శతకాలు టైపు చేసి, ప్రూఫులు దిద్ది వెబ్‌సైటులో పెడుతూ వచ్చారు. దాని మీద రాబడి ఏమీ లేదు. సర్వర్ ఖర్చును అమెరికాలో ఉద్యోగం చేస్తున్న ఒక పూర్వ విద్యార్థి భరిస్తున్నారు. హోస్టింగ్ ఖాతా ఆయన పేరు మీదే ఉంది, సంస్థ కూడా అమెరికాదే.

వివాదం వచ్చిన నవల 1934లో అచ్చయింది. రచయిత 1948లో మరణించారు. దశాబ్దాల పాటు బజారులో ఆ పుస్తకం దొరకలేదు. తరువాత ఒక ప్రచురణకర్త దానికి కొత్త అట్టబొమ్మ, ఒక విమర్శకుడి ముందుమాట, కఠిన పదాలకు అర్థాలు చేర్చి మళ్లీ అచ్చు వేశారు. మంచి పనే చేశారు. పెట్టుబడి పెట్టారు, పుస్తకాన్ని మళ్లీ పాఠకుల చేతికి తెచ్చారు. ఎదుటి పక్షం మోసగాడు కాదన్న సంగతి ఈ కేసులో చివరిదాకా గుర్తుపెట్టుకోవలసి వచ్చింది.

వచ్చిన చిక్కు

ప్రచురణకర్త హోస్టింగ్ సంస్థకు 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం కింద నోటీసు పంపారు. అమెరికా కాపీరైట్ చట్టంలోని 512వ సెక్షన్ ప్రకారం, సరైన రూపంలో నోటీసు అందగానే ఆ పేజీని వెంటనే తీసేస్తే హోస్టింగ్ సంస్థకు బాధ్యత ఉండదు. కాబట్టి ఎవరిది న్యాయమో అది తేల్చదు, పేజీని తీసేస్తుంది. ఇక్కడా అదే జరిగింది. సంపాదక బృందంలో ఒకరు కోపం పట్టలేక అదే నవలను వేరే పేరుతో మళ్లీ ఎక్కించారు. రెండో నోటీసు వచ్చింది. పదేపదే ఉల్లంఘించే వినియోగదారుల ఖాతాలు రద్దు చేసే విధానం పాటించకపోతే హోస్టింగ్ సంస్థకే చట్టరక్షణ పోతుంది. అందుకని ఖాతా మొత్తాన్ని నిలిపివేసింది. ఒక్క నవల మీద వచ్చిన తగాదా వల్ల వివాదమే లేని వందల పుస్తకాలు మాయమయ్యాయి.

అదే సమయంలో కక్షిదారు ఇంటికి లాయర్ నోటీసు వచ్చింది. మన కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉంటాయని అందులో హెచ్చరిక. ఆయన నా ఎదుట కూర్చుని మొదట అడిగింది వెబ్‌సైటు గురించి కాదు. "నన్ను అరెస్టు చేస్తారా అమ్మా?" అని.

అది వట్టి బెదిరింపు అని కొట్టిపారేయలేం. 63వ సెక్షన్ కింది నేరానికి వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, అది బెయిలు హక్కుగా దొరకని నేరమని సుప్రీంకోర్టు 2022లో నిట్ ప్రో ఇంటర్నేషనల్ కేసులో తేల్చింది. అయితే ఆ సెక్షన్‌లో కీలకమైన మాట "తెలిసి" ఉల్లంఘించడం. నోటీసు చేతికి అందిన తరువాత ఆ "తెలియడం" గురించి వాదించడం కష్టమవుతుంది. అందుకే మొదటి సలహా చాలా సాదాగా ఇచ్చాను: విషయం తేలేదాకా ఆ నవలను ఏ రూపంలోనూ, ఎవరి పేరుతోనూ, ఎక్కడా పెట్టవద్దు. అమెరికాలో ఉన్న ఖాతాదారు హోస్టింగ్ సంస్థకు గానీ ప్రచురణకర్తకు గానీ ఒక్క ఉత్తరం కూడా రాయవద్దు.

అప్పటికే చేసిన ప్రయత్నాలు

నా దగ్గరికి రాకముందు వారు రెండు జవాబులు పంపి ఉన్నారు. రెండింటిలోనూ చట్టం మాటలే ఉన్నాయి, రెండూ పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో వివరంగా చెప్పుకోవాలి. ఇవే వాదనలు నాకు చాలామంది వెబ్‌సైటు యజమానుల నోట వినిపిస్తుంటాయి.

మొదటిది 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. కోర్టు ఉత్తర్వు లేకుండా దేన్నీ తొలగించనక్కరలేదని ఆ తీర్పు చెప్పిందని వారి జవాబు సారాంశం. ఆ తీర్పు చెప్పింది ఐటీ చట్టం 79వ సెక్షన్ కింద మధ్యవర్తి సంస్థల గురించి, అంటే ఇతరులు పెట్టే సమాచారానికి చోటిచ్చే సంస్థల గురించి. కాపీరైట్ విషయంలో ఢిల్లీ హైకోర్టు 2016లో మైస్పేస్ కేసులో వేరుగా చెప్పింది. హక్కుదారు ఫలానా రచన, ఫలానా చోట ఉందని నిర్దిష్టంగా తెలిపితే చాలు, కోర్టు ఉత్తర్వు కోసం ఆగనక్కరలేదంది. దానికన్నా పెద్ద అడ్డంకి మరొకటి ఉంది. సమాచారాన్ని తాను ఎంచుకోని, మార్చని సంస్థకే 79వ సెక్షన్ రక్షణ దొరుకుతుంది. వీరు పుస్తకం ఎంచుకుంటారు, టైపు చేస్తారు, ప్రూఫు దిద్దుతారు. అలా చేసేవారు చట్టం దృష్టిలో మధ్యవర్తులు కారు, ప్రచురణకర్తలు.

రెండోది 21 రోజుల నియమం. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 52(1)(సి) సెక్షన్, దాని కింద 2013 కాపీరైట్ నిబంధనల్లోని 75వ నిబంధన నాకు ఇష్టమైనవి. ఫిర్యాదు చేసేవాడు అందులో తన హక్కును వివరాలతో చూపాలి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తానని హామీ ఇవ్వాలి. ఫిర్యాదు సబబేనని తృప్తి చెందితే నిల్వదారు 36 గంటల్లో దాన్ని అందుబాటులో లేకుండా చేయాలి. 21 రోజుల్లో ఉత్తర్వు రాకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. నింద మోపేవాడి నెత్తినా కొంత బరువు పెట్టిన పద్ధతి ఇది. అమెరికా పద్ధతికన్నా న్యాయమైనదని నా అభిప్రాయం. అయితే అది వర్తించేది లింకులు, అందుబాటు కల్పించే క్రమంలో జరిగే తాత్కాలిక, యాదృచ్ఛిక నిల్వకు. ఒక నవలను శాశ్వతంగా చదువుకోవడానికి పెట్టడం ఆ మాటల్లో ఇమడదు. పైగా వీరు ఆ నిబంధనను ఉటంకిస్తూ రాసింది అమెరికా సంస్థకు. దానితో ఆ సంస్థకు సంబంధం లేదు.

నేను వచ్చాక హోస్టింగ్ సంస్థను ఒక్కటే కోరాం: వివాదం లేని పుస్తకాలనైనా తిరిగి తెరవండి అని. తెరవలేదు. ఫిర్యాదుదారు నోటీసు వెనక్కి తీసుకోవాలి, లేదా తొలగింపు తప్పంటూ మీరు కౌంటర్ నోటీసు వేయాలి అన్నారు. ఫైళ్లన్నీ దించుకోవడానికి మాత్రం అవకాశం ఇచ్చారు. కనీసం ఏళ్ల శ్రమ చేతిలో ఉంది.

కౌంటర్ నోటీసు ఎందుకు వేయలేదు

బృందమంతా కౌంటర్ నోటీసు వేద్దామన్నారు. వారి లెక్క సూటిగా ఉంది. 1948కి 60 కలిపితే 2008. ఆ ఏడాది డిసెంబర్ 31తో హక్కు ముగిసింది. అలాంటప్పుడు భయమెందుకు?

కౌంటర్ నోటీసులో ఏముంటుందో చూడాలి. పొరపాటు వల్లనో, ఒకటి అనుకుని మరొకటి గుర్తించడం వల్లనో ఈ రచనను తొలగించారని మనస్ఫూర్తిగా నమ్ముతున్నానంటూ, అబద్ధమైతే శిక్షకు లోబడతానని ఖాతాదారు సంతకం చేయాలి. పేరు, చిరునామా, ఫోను నంబరు ఇవ్వాలి. అవి ఫిర్యాదుదారు చేతికి వెళతాయి. తన జిల్లా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకోవాలి. ఆ తరువాత 10 నుంచి 14 పనిదినాల్లో, ఫిర్యాదుదారు దావా వేయకపోతే, పేజీ తిరిగి వస్తుంది. దావా వేస్తే? అక్కడి కోర్టు చూసేది అక్కడి చట్టాన్ని.

అక్కడి చట్టం ప్రకారం ఆ నవలకు హక్కు ముగియలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాల అమలు కోసం అమెరికా చేసిన చట్టం ఒకటుంది. 1996 జనవరి 1 నాటికి సొంత దేశంలో హక్కు బతికి ఉన్న విదేశీ రచనలకు అది అమెరికాలో కాపీరైట్‌ను పునరుద్ధరించింది. మన నవలకు ఆ రోజున హక్కు ఉంది. అంతకుముందు కొన్నేళ్లకే మన పార్లమెంటు గడువును 50 ఏళ్ల నుంచి 60కి పెంచింది. రవీంద్రనాథ్ టాగోర్ రచనల గడువు ముగియబోతుండగా వచ్చిన పెంపు అది. పెంచక ముందున్న లెక్క చూసినా 1998 దాకా హక్కు ఉండేది. కాబట్టి అమెరికాలో పునరుద్ధరణ జరిగింది. ఇలాంటి పాత పుస్తకాలకు అక్కడ గడువు రచయిత మరణం నుంచి లెక్కించరు. తొలి ప్రచురణ నుంచి 95 ఏళ్లు లెక్కిస్తారు. 1934కి 95 కలిపితే 2029. ఆ ఏడాది చివరిదాకా ఆ నవల భారతదేశంలో అందరిదీ, అమెరికాలో ఒకరిది.

ఇది తెలిసిన తరువాత, ఇక్కడ హక్కు ముగిసింది కాబట్టి పొరపాటున తొలగించారంటూ అక్కడి చట్టం కింద ఆ యువకుడి చేత ఎలా సంతకం చేయించగలం? రచన ముందే అక్కడ రిజిస్టరై ఉండకపోతే చట్టం నిర్ణయించిన భారీ నష్టపరిహారం రాదన్నది నిజమే. కానీ దావాకు జవాబు చెప్పుకునే ఖర్చే ఒక కుటుంబాన్ని కుంగదీస్తుంది. ఒక మంచి పనికి చేయూతనిచ్చినందుకు ఆ యువకుడు మోయవలసిన బరువు కాదది. కౌంటర్ నోటీసు ఆలోచన అక్కడితో మానుకున్నాం.

ఏ ప్రతిని చూసి టైపు చేశారు?

ఇక మిగిలిన ప్రశ్న: ఆ హక్కు ఎవరిది? అంతకంటే ముందు, మనవాళ్లు పెట్టిన పాఠంలో ప్రచురణకర్త సొంతమైనది ఏమైనా ఉందా?

పాత ముద్రణను చూసే టైపు చేశామని బృందం గట్టిగా చెప్పింది. అబద్ధమాడాలని కాదు, చేసినవారు నలుగురు, చేసి చాలాకాలమైంది. మూడు పాఠాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. 1934 ప్రతిలో "వాఁడు" అని అరసున్నతో ఉంది, "చెఱువు"లో బండి ఱ ఉంది. పునర్ముద్రణలో అరసున్నలు లేవు, బండి ఱ అంతా సాధు రేఫ అయింది. వెబ్‌సైటులోనూ అంతే. ఇది ఒక్కటే అయితే టైపు చేసేవారే మార్చారనుకోవచ్చు. కానీ ఒక అధ్యాయంలో వరుసగా రెండు పంక్తులు "అనుకొనెను" అనే మాటతో ముగుస్తాయి. పునర్ముద్రణలో అక్షరాలు కూర్చినవారి చూపు జారి రెండో పంక్తి ఎగిరిపోయింది. వెబ్‌సైటులో కూడా అదే పంక్తి లేదు. పాత ప్రతిలో అంకెలతో మాత్రమే ఉన్న అధ్యాయాలకు కొత్త సంపాదకుడు పేర్లు పెట్టారు. ఆ పేర్లూ ఇక్కడ ఉన్నాయి. పుస్తకం చివర పదాల అర్థాలూ, ముందుమాటా సరేసరి.

కాబట్టి పునర్ముద్రణను చూసే టైపు చేశారు. దానివల్ల మొత్తం పాఠం ప్రచురణకర్తది అయిపోతుందా? కాదు. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు 2007లో ఇచ్చిన తీర్పు ఇక్కడ దారి చూపింది. కోర్టు తీర్పుల మూలపాఠం ఎవరి సొత్తూ కాదని, దాన్ని ప్రచురించేవారు చేర్చిన వాటిలో కొంతైనా సృజన, విచక్షణ ఉంటేనే ఆ చేర్పుకు రక్షణ ఉంటుందని, శ్రమ పడ్డామన్నంత మాత్రాన హక్కు రాదని ఆ తీర్పు. ఆ కొలతతో చూస్తే అరసున్నలు తీసేయడం, ఱ బదులు ర పెట్టడం యాంత్రికమైన పని. ఎగిరిపోయిన పంక్తి అచ్చుతప్పు. ఈ రెండింటికీ హక్కు లేదు. ముందుమాటకు, అట్టబొమ్మకు, పదాల అర్థాలకు స్పష్టంగా ఉంది. అధ్యాయాల పేర్ల గురించి వాదించవచ్చు. కానీ అవి లేకుండా నవలకు లోటు లేదు కాబట్టి వాటినీ వదులుకుందామన్నాను. వాదించగలిగిన ప్రతిదాన్నీ వాదించనక్కరలేదు, ముఖ్యంగా అవతలివారి మెతకదనం మనకు అవసరమైనప్పుడు.

ఒక పేజీ ఒప్పందం

పునర్ముద్రణలోని కృతజ్ఞతల పేజీలో రచయిత మనవరాలి ప్రస్తావన ఉంది. అధ్యాపకులు వెళ్లి కలిశారు. ప్రచురణకర్తతో రాసుకున్న కాగితం ఆమె భద్రంగా దాచుకున్నారు. స్టాంపు కాగితం మీద ఒకే పేజీ. తేదీ 2011. పుస్తకం ప్రచురించుకునే సర్వహక్కులూ ఇచ్చినట్టు రాసి ఉంది. ఎన్నాళ్లకో లేదు, ఏ దేశానికో లేదు.

మన చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో కాలం చెప్పకపోతే ఐదేళ్లు అనుకోవాలి. ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. 2011 నాటికి భారతదేశంలో ఈ నవల హక్కు ముగిసి రెండేళ్లు దాటింది. అంటే ఇక్కడ ఇవ్వడానికి ఏమీ మిగలలేదు. అక్కడ మిగిలి ఉన్నది ఆ కాగితంలో లేదు. అమెరికా హక్కు ఏదైనా ఉంటే అది ఇంకా వారసులదే. ఈ వాదన అక్కడి కోర్టులో తప్పక నెగ్గుతుందని కక్షిదారుకు చెప్పలేదు. అయితే ఆ చట్టం కింద నోటీసు పంపేవారు హక్కుదారు తరఫున మాట్లాడే అధికారం తమకుందని, అబద్ధమైతే శిక్షకు లోబడతామని ప్రకటించాలి. తెలిసి తప్పుడు ప్రకటన చేస్తే 512(ఎఫ్) కింద నష్టపరిహారం చెల్లించవలసి వస్తుంది. ఈ కాగితం చేతిలో ఉంచుకుని అదే ప్రకటన మరోసారి చేయడానికి ఏ ప్రచురణకర్త అయినా వెనకాడతాడు.

వారసులు ముగ్గురు. ఒకరి సంతకం చాలదు, ఉమ్మడి హక్కు కాబట్టి అందరూ ఒప్పుకోవాలి. నవలను అన్ని దేశాల్లో ఉచితంగా చదివించడానికి వెబ్‌సైటుకు అనుమతి ఇస్తున్నామని, పుస్తకం అచ్చు వేసుకోవడానికి ఎవరికీ అడ్డు రాబోమని ఒక సరళమైన పత్రం తయారుచేశాను. మూడో వారసుడు పరాయి రాష్ట్రంలో ఉన్నారు, ఆయన సంతకం కోసం చాలా ఆగవలసి వచ్చింది. అది చేతికి అందకముందు ప్రచురణకర్తకు లేఖ పంపవద్దని పట్టుబట్టాను. రెండు సంతకాలతో వెళ్లి ఉంటే, వారు మూడో ఆయన్ని కలిసి కొత్త ఒప్పందం రాయించుకునే వీలుండేది.

పని జరిపించిన లేఖ

లేఖలో మొదట వారిది వారికి ఒప్పుకున్నాం. ముందుమాట, అర్థాలు, అట్టబొమ్మ, అధ్యాయాల పేర్లు మీవి, వాటిని తీసేశాం, మళ్లీ పెట్టం, పెట్టినందుకు విచారిస్తున్నాం అని రాశాం. పునర్ముద్రణను చూసే టైపు చేశామనీ దాచలేదు. ఆ తరువాతే మూలపాఠం మీద మీ హక్కు ఏ పత్రం ద్వారా వచ్చిందని అడిగి, వారసుల అనుమతి ప్రతిని, 19వ సెక్షన్ లెక్కను జతచేశాం. ఆధారం లేని కాపీరైట్ బెదిరింపులపై బాధితుడు కోర్టుకు వెళ్లడానికి 60వ సెక్షన్ వీలు కల్పిస్తుందని ఒక్క వాక్యంలో గుర్తుచేశాం. ఆ సెక్షన్‌తోనే మొదలుపెట్టి దావా వేసేద్దామని ఒకరు సూచించారు. ప్రచురణకర్త వెంటనే తానే ఉల్లంఘన దావా వేసి శ్రద్ధగా నడిపితే ఆ దారి మూసుకుపోతుంది. పైగా ముందుమాట, అర్థాల విషయంలో వారి దావా నెగ్గేదే. కాబట్టి దాన్ని గుర్తుచేయడంతో ఆపాం.

ప్రచురణకర్త లాయర్ ఫోను చేశారు. మాటల్లో తేలిందేమిటంటే, వారి బాధ హక్కు గురించి కాదు, గోదాములో అమ్ముడుపోని ప్రతుల గురించి. నవల పేజీలో పునర్ముద్రణ వివరాలు, ముందుమాటతో సహా పుస్తకం ఎక్కడ దొరుకుతుందో పెడతామని అధ్యాపకులు సంతోషంగా ఒప్పుకున్నారు. ఆయనకూ ఆ పుస్తకం అమ్ముడుపోవాలనే ఉంది. ప్రచురణకర్త నోటీసులు రెండూ ఉపసంహరించుకున్నారు. ఖాతా తెరుచుకుంది. బృందం 1934 ప్రతి స్కాన్ తెచ్చుకుని నవలను అరసున్నలతో, ఎగిరిపోయిన పంక్తితో సహా కొత్తగా టైపు చేసింది.

తరువాత మార్చినవి

వివాదం ముగిశాకే ఖాతాను భారతదేశంలో రిజిస్టరైన సొసైటీ పేరు మీదికి, ఇక్కడి సర్వర్లకు మార్చాం. మధ్యలో మారితే పారిపోయినట్టు కనిపించేది. ఇక్కడికి మారినంత మాత్రాన అమెరికాలో హక్కులున్న పుస్తకాల చిక్కు మొత్తం పోదు, అక్కడివారు చదువుతూనే ఉంటారు. కానీ ఒక వ్యక్తి తన ఇంటి చిరునామాతో బాధ్యత మోసే పరిస్థితి తప్పింది.

ప్రతి పుస్తకానికీ ఒక పట్టిక మొదలుపెట్టారు. రచయిత మరణించిన ఏడాది, తొలి ప్రచురణ ఏడాది, ఏ ముద్రణ చూసి టైపు చేశారు, ఆ ప్రతి ఎక్కడ దొరికింది, ఎవరు చేశారు. గురజాడ 1915లో, కందుకూరి 1919లో మరణించారు. వారు బతికుండగా అచ్చయినవాటికి రెండు దేశాల్లోనూ చిక్కు లేదు. రచయిత మరణించాక తొలిసారి అచ్చయిన రచనకు మాత్రం మన చట్టంలో ప్రచురణ నుంచి 60 ఏళ్లు లెక్కించాలి. విశ్వనాథ సత్యనారాయణ 1976లో మరణించారు, ఆయన రచనలకు 2036 చివరిదాకా హక్కు ఉంది. అనువాదాల దగ్గరే ఎక్కువ తప్పులు దొరికాయి. శరత్‌చంద్ర 1938లో మరణించారు కాబట్టి బెంగాలీ మూలాలకు ఇక్కడ గడువు తీరింది. వాటి తెలుగు అనువాదాలకు అనువాదకుల మరణం నుంచి వేరే లెక్క ఉంది. శరత్ పేరు చూసి పెట్టిన పుస్తకాల్లో కొన్నిటిని తీసేయవలసి వచ్చింది.

రచయిత ఎప్పుడు మరణించారో, వారసులెవరో ఎంత వెతికినా తెలియని పుస్తకాలు ఒక గుత్తిగా మిగిలాయి. ఇలాంటివాటికి 31ఎ సెక్షన్ కింద లైసెన్సు కోరవచ్చు. కానీ దరఖాస్తుకు ముందు దినపత్రికలో ప్రకటన వేయాలి, తరువాత నిర్ణయించిన రాయల్టీ జమ చేయాలి. అమ్మని పుస్తకానికి, రాబడి లేని వెబ్‌సైటుకు ఒక్కో పుస్తకం మీద అంత ఖర్చు చేసే స్తోమత లేదు. లాభాపేక్ష లేని గ్రంథాలయాలకు, వెబ్‌సైటులకు ఈ సెక్షన్‌లో తేలికైన దారి ఒకటి చేర్చాలని నేను బలంగా కోరుకుంటున్నాను. ప్రస్తుతానికి ఆ పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు, తొలి ప్రచురణ వివరాలు మాత్రం వెబ్‌సైటులో ఉన్నాయి. పాఠాలు లేవు. వారసుల గురించి తెలిసినవారు సమాచారం ఇవ్వడానికి ప్రతి పేరు కిందా ఒక చిరునామా ఇచ్చారు, దాని ద్వారా రెండు కుటుంబాల ఆచూకీ ఇప్పటికే దొరికింది.